బాత్ నగరపు పాత విల్లాల కిటికీలకు డబుల్ గ్లేజింగ్ అనుమతించాలా?

సోమర్సెట్ వాసి:
ఇంగ్లండులోని బాత్‌లో, బాత్‌విక్ హిల్ మీద ఒక పాత విల్లాలో ఫ్లాట్ కొనాలని చూస్తున్నాం. 19వ శతాబ్దపు ఇల్లు, గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా చట్టం రక్షించే జాబితాలో ఉంది. ఇల్లు చాలా నచ్చింది. కానీ కిటికీలన్నీ ఒంటి అద్దంవే. జనవరిలో చూడటానికి వెళ్తే, కోటు వేసుకుని ఉన్నా కిటికీ పక్కన నిలబడలేకపోయాం. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీ వదిలి రెండు అద్దాలు కలిపిన పలక) పెట్టించుకుంటామంటే, లిస్టెడ్ ఇంటికి అనుమతి రావడం కష్టమని ఏజెంటు చెప్పారు. డబ్బు మనది, కరెంటు, గ్యాసు బిల్లులు మనవి. మన ఇంటి కిటికీ మార్చుకునే హక్కు మనకు ఉండకూడదా? మీరేమంటారు?

చలిమంట:
ఉండాలి. అందులో రెండో మాట లేదు. ఇల్లు మనుషులు బతకడానికి. వాతావరణ మార్పు గురించి రోజూ చెబుతూ, ఇంకోపక్క వేడినంతా అద్దంలోంచి బయటికి పోనివ్వమనడం ఏం న్యాయం?

పాతమేడ:
సోమర్సెట్ వాసి గారూ, మీ పాప విషయంలో మీ టెన్షన్ అర్థమైంది. చలి తగ్గించే మార్గాలున్నాయి, వాటి సంగతి చివర్లో చెబుతాను. కానీ పాత అద్దాలు, ఫ్రేములు పీకి డబుల్ గ్లేజింగ్ పెట్టడానికి మాత్రం నేను వ్యతిరేకిని.

మీరు చూస్తున్న కొండ మామూలు కొండ కాదండీ. బాత్ అనగానే అందరికీ గుర్తొచ్చేది రాయల్ క్రెసెంట్. 1767 నుంచి 1774 వరకు జాన్ వుడ్ జూనియర్ కట్టిన 30 ఇళ్ల అర్ధచంద్రాకారపు వరుస అది. ముందు నుంచి చూస్తే ఒకే రాజభవనంలా ఉంటుంది. వేడినీటి ఊటల కోసం సీజన్లో వచ్చే ధనవంతులకు అద్దెకివ్వడానికి పనికొచ్చే పద్ధతి. 1820లు వచ్చేసరికి ఊరి తీరు మారింది. సీజన్‌కి వచ్చి వెళ్లేవాళ్లు తగ్గారు, స్థిరపడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లకి వరుసలో ఇల్లు వద్దు, చుట్టూ తోట, కింద లోయ కనిపించే విడి ఇల్లు కావాలి.

ఆ మార్పుకు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ గుడ్రిడ్జ్ అనే ఆర్కిటెక్టు. 1820ల చివర బాత్‌విక్ హిల్ మీద తన కోసం మాంటెబెల్లో అనే విల్లా కట్టుకున్నాడు. ఇటలీ పల్లెల్లోని ఇళ్ల తీరు: ఒక పక్క టవర్, బాగా ముందుకొచ్చిన చూరు, కమాను కిటికీలు. రెండు వైపులా ఒకేలా ఉండాలన్న జార్జియన్ (జార్జి రాజుల కాలపు) నియమాన్ని పక్కన పెట్టేశాడు. 1840లలో ఫియజోలే అని ఇంకోటి అదే కొండ మీద కట్టాడు. ఇప్పుడు యూత్ హాస్టల్ నడుస్తున్న భవనం కూడా ఈ ఇటాలియన్ తీరుదే. వీలైతే ఒకసారి ఆ రోడ్డు మీద పైదాకా నడవండి. నాకు క్రెసెంట్ కన్నా ఈ కొండే ఎక్కువ ఇష్టం.

ఈ ఇళ్లలో గోడ చాలా సాదాగా ఉంటుంది, నునుపుగా కోసిన బాత్ రాయి. శిల్పాలు తక్కువ. గోడకు ప్రాణం పోసేది కిటికీయే. పాత అద్దం ఊది చేసినది కాబట్టి కొంచెం అలలుగా ఉంటుంది, ఎండ పడితే ఒక్కో పలక ఒక్కోలా మెరుస్తుంది. డబుల్ గ్లేజింగ్ పలక బరువు. పలకల మధ్య ఉండే సన్నటి చెక్క బద్దలు దాన్ని మోయలేవు. అందుకని బద్దలు లావు చేస్తారు, లేదా ఒకే పెద్ద అద్దం పెట్టి పైన ఉత్తుత్తి బద్దలు అతికిస్తారు. రెండిట్లో ఏది చేసినా ముఖభాగం మొద్దుబారిపోతుంది.

ఇంకో మాట. ఆ ఫ్రేముల చెక్క నిదానంగా పెరిగిన చెట్లది. పుట్టీ, రంగు, తాడు చూసుకుంటూ ఉంటే రెండు వందల ఏళ్లు నిలిచింది. డబుల్ గ్లేజింగ్ పలక అంచు సీలు ఇరవై, ముప్పై ఏళ్లకు పోతుంది, లోపల ఆవిరి పడుతుంది, మళ్లీ మార్చాలి.

చలిమంట:
పాతమేడ గారూ, చరిత్ర బాగా చెప్పారు. కానీ అదే చరిత్ర మీ వాదనకు అడ్డం వస్తుంది. ఇంగ్లండులో అద్దం మీద సుంకం 1745 నుంచి 1845 దాకా ఉంది, అదీ బరువు లెక్కన. కిటికీల మీద పన్ను 1696 నుంచి 1851 దాకా. అవి పోయాక పెద్ద అద్దాలు చవకయ్యాయి. విక్టోరియన్లు, అంటే విక్టోరియా రాణి కాలం వాళ్లు, ఏం చేశారు? రాయల్ క్రెసెంట్‌లోనే చిన్న పలకలు తీసేసి పెద్ద అద్దాలు పెట్టుకున్నారు, కిటికీలు కిందికి పొడిగించారు. వాళ్లు మార్చుకుంటే అది చరిత్ర, మనం మార్చుకుంటే నేరమా? ఏ సంవత్సరం దగ్గర గడియారం ఆపాలో ఎవరు చెప్పాలి?

పైగా ఈ అధికారుల పట్టుదల ఎక్కడిదాకా పోతుందో 1970లలోనే చూశాం. క్రెసెంట్‌లో 22వ నంబరు ఇంటావిడ తలుపుకి పసుపు రంగు వేయించుకుంటే కౌన్సిల్ తీయించాలని చూసింది. వ్యవహారం మంత్రి దాకా వెళ్లింది, చివరికి ఆవిడే గెలిచింది. ఆ తలుపు వల్ల క్రెసెంట్‌కి ఏమీ కాలేదు.

బందరు కాలవ:
నాది వేరే ప్రశ్న. బాత్‌లోనే సర్కస్ అనే గుండ్రటి ఇళ్ల వరుసలో 14వ నంబరు ఇంట్లో ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవ్ ఉండేవాడు. 1759లో మా మచిలీపట్నం కోట పట్టిన సైన్యాన్ని బెంగాల్ నుంచి పంపింది ఆయనే. 1765లో మొఘల్ చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారుల ఫర్మానా తెచ్చుకున్నదీ ఆయనే. ఇదే గుడ్రిడ్జ్ లాన్స్‌డౌన్ కొండ మీద టవర్ కట్టింది విలియం బెక్‌ఫర్డ్ అనే ధనవంతుడి కోసం, ఆయన ఆస్తి జమైకా చెరకు తోటల్లో బానిసల చెమట. ఆ డబ్బుతో కట్టిన ఊళ్లో కిటికీ బద్దల మందం గురించి మనం ఇంత బాధపడాలా?

పాతమేడ:
బందరు కాలవ గారూ, బాధపడాలనే నా అభిప్రాయం. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ ఇళ్లే. క్లైవ్ ఇంటి ముందు నిలబడి సర్కారుల సంగతి మన పిల్లలకు చెప్పగలుగుతున్నామంటే ఆ ఇల్లు ఉంది కనకే. ఇలాంటి ఇళ్ల దగ్గర ఆ చరిత్రని ఇంకా స్పష్టంగా రాసి పెట్టాలని మీరంటే మీతో కలిసి అడుగుతాను.

చలిమంట గారి ప్రశ్న అసలైనది. నేను ఏ సంవత్సరం దగ్గరా గడియారం ఆపమనడం లేదు. విక్టోరియన్ల పెద్ద అద్దం ఉంటే అదీ ఉంచాలి. 1970లలో ఎవరో పెట్టిన చవక కిటికీ ఉంటే, దాని స్థానంలో పల్చటి డబుల్ గ్లేజింగ్ సరైన బద్దలతో పెట్టుకోనివ్వాలి, అందులో పోయేదేమీ లేదు. నేను కాపాడమనేది మిగిలిన పాత వస్తువుని మాత్రమే, ఎందుకంటే దాన్ని తిరిగి తయారు చేయలేం. బాలన్స్ స్ట్రీట్ చూడండి. క్రెసెంట్‌ని జాగ్రత్తగా ఉంచి, ఆ వీధిలోని చిన్న జార్జియన్ ఇళ్లను 1960ల చివర్లో కూల్చి ఫ్లాట్లు కట్టారు. అప్పుడూ చెప్పిన కారణం ఇదే: పాతవి, చలి, తేమ, బతకడానికి పనికిరావు.

తలుపు రంగు వేరు. రంగు మళ్లీ వేసుకోవచ్చు. 200 ఏళ్ల అద్దం చెత్తబండి ఎక్కితే రాదు.

సోమర్సెట్ వాసి గారూ, ఇక చలి సంగతి. గ్లాస్గో కలడోనియన్ యూనివర్సిటీ వాళ్లు పాత సాష్ కిటికీల (తాడు మీద పైకీ కిందికీ జారేవి) మీద పరీక్షలు చేశారు. కిటికీకి లోపలివైపు ఉండే చెక్క తలుపులు మూస్తే అద్దంలోంచి పోయే వేడి దాదాపు సగం తగ్గింది. లోపల ఇంకో అద్దం బిగించే సెకండరీ గ్లేజింగ్‌తో 60 శాతం దాటింది. పాత కిటికీ తీయక్కర్లేదు, కావాలంటే రేపు విప్పేయొచ్చు. ముందు కిటికీ పక్కల గోడలోని చెక్క పలకల్ని నొక్కి చూడండి. చాలా ఇళ్లలో అవే మడతపడ్డ తలుపులు, మీద రంగు వేసి మూసేసి ఉంటాయి. అనుమతి లేకుండా మాత్రం దేనికీ చెయ్యి పెట్టకండి. లిస్టెడ్ కట్టడాల 1990 చట్టం ప్రకారం అది క్రిమినల్ నేరం.

సోమర్సెట్ వాసి:
తలుపుల సంగతి తెలియదండీ, శనివారం మళ్లీ చూడటానికి వెళ్తున్నాం, చూస్తాను. సెకండరీ గ్లేజింగ్ కొటేషన్ కూడా తీసుకుంటాను.

చలిమంట:
పాత అద్దం మిగిలి ఉన్న చోట సెకండరీ గ్లేజింగ్, పోయిన చోట కొత్తది. ఈ మేరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఖర్చు మొత్తం ఇంటివాళ్ల నెత్తిన పడటం అన్యాయం. లిస్టెడ్ ఇళ్లలో అనుమతి పొందిన మార్పులకు 2012 అక్టోబరు దాకా వ్యాట్ ఉండేది కాదు, ఇప్పుడు 20 శాతం. మరమ్మతుకి అప్పుడూ ఇప్పుడూ కడుతూనే ఉన్నారు. కొత్త ఇల్లు కడితే మాత్రం సున్నా. ఊరంతా గర్వపడే కిటికీని ఉంచమని చట్టం చెబుతున్నప్పుడు, దాన్ని బాగు చేసుకునే మనిషి దగ్గర పన్ను ఎందుకు? ముందు ఆ 20 శాతం తీసేయమనండి, అప్పుడు పాత కిటికీల తరఫున నేనూ మాట్లాడతాను.