అర్థం తెలిసిన ఇంగ్లీష్ పదం రాసేటప్పుడు ఎందుకు రాదు?

నీలిసిరా:
ఇంగ్లీష్‌లో సంపాదకీయాలు పెద్దగా ఇబ్బంది లేకుండానే చదువుతాను. మిటిగేట్, ప్రాగ్మాటిక్, అంబిగ్యువస్ లాంటివి కనిపిస్తే అర్థం టక్కున చెప్పేస్తాను. రాయడానికి కూర్చుంటే మాత్రం మళ్లీ గుడ్, బ్యాడ్, ఇంపార్టెంట్ దగ్గరే ఆగిపోతున్నాను. జాబితాలు బట్టీ పట్టినా లాభం కనిపించట్లేదు. ఈ దశ దాటినవాళ్లు ఎలా దాటారో కాస్త చెప్పండి.

పాతకలం:
నీలిసిరా గారూ, చదివితే తెలిసే పదాల కన్నా రాసేటప్పుడు నోటికొచ్చే పదాలు తక్కువే ఉంటాయి. మాతృభాషలోనూ అంతే, దానికి కంగారు పడకండి. పదం వాడుకలోకి రావాలంటే అర్థం ఒక్కటే చాలదు, అది ఏ పదాల పక్కన వస్తుందో తెలియాలి. పదాన్ని దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని జె.ఆర్. ఫర్త్ అనే భాషా శాస్త్రవేత్త 1957లోనే రాశారు.

గాలి గట్టిగా వీస్తే స్ట్రాంగ్ విండ్, వాన జోరుగా కురిస్తే హెవీ రెయిన్. ఎందుకని అడిగితే జవాబు లేదు, వాడుక అంతే. కాజ్ అనే క్రియ తీసుకోండి. దాని వెనక ఎక్కువగా వచ్చేవి డ్యామేజ్, డిలే, పెయిన్, ప్రాబ్లమ్స్. ‘హార్డ్ వర్క్ కాజ్డ్ హర్ సక్సెస్’ అని రాస్తే వ్యాకరణం సరిగ్గానే ఉన్నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘లెడ్ టు హర్ సక్సెస్’ అంటే హాయిగా ఉంటుంది. మంచికీ చెడుకీ సంబంధించిన ఈ వాసన ఒక్క పదంలో ఇచ్చే తెలుగు అర్థంలో దొరకదు.

తూనీగ:
పాతకలం గారి మాటకు నాదొక జోడింపు. నేర్చుకునేవాళ్ల కోసం తయారైన ఇంగ్లీష్-ఇంగ్లీష్ నిఘంటువు వాడండి. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువైతే అర్థాన్నే పూర్తి వాక్యంలో చెబుతుంది, కాబట్టి వాడుక కూడా అక్కడే తెలిసిపోతుంది.

నేను ఒక పదాన్ని ఎలా చూస్తానో చెప్తాను. అవర్ట్ అంటే తప్పించడం. అక్కడితో ఆపితే ‘ఐ అవర్టెడ్ ద మీటింగ్’ అని రాసేస్తాం, అది కుదరదు. ఉదాహరణలు చూస్తే డిజాస్టర్, క్రైసిస్, వార్ కనిపిస్తాయి. అంటే ముంచుకొస్తున్న ముప్పును జరగకుండా ఆపడం. ఇంకో వాడుక, అవర్ట్ యువర్ ఐస్, చూపు తిప్పుకోవడం. నోట్‌బుక్‌లో అవర్ట్ అని ఒక్కటే రాయను, ‘అవర్ట్ ఎ క్రైసిస్’ అని జంటగా రాస్తాను. గుర్తొచ్చినప్పుడు జంటగానే గుర్తొస్తుంది.

రాత్రిచదువరి:
ఇదంతా నిజమే కానీ, పరీక్ష దగ్గర పడినవాళ్లకు బట్టీ అసలే వద్దంటే ఎలా అండీ? మర్చిపోవడం ఎంత వేగంగా జరుగుతుందో ఎబింగ్‌హాస్ అనే మనస్తత్వవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. విరామాలు పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చూస్తేనే నిలుస్తుంది. ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డు యాప్‌లు చేసే పని అదే. కాకపోతే కార్డు మీద ఒకవైపు పదం, ఇంకోవైపు అర్థం పెట్టడం మానేశాను. ఖాళీ ఉన్న వాక్యం పెట్టి, ఆ ఖాళీని నేనే నింపాలి.

విదేశాల్లో పీజీలో చేరడానికి జీఆర్ఈ పరీక్ష రాసేవాళ్లకు ఇంకో మాట. 2011 ఆగస్టు నుంచి అందులో విడి వ్యతిరేక పదాల ప్రశ్నలు లేవు. వాక్యం ఇచ్చి ఖాళీ నింపమంటారు. ఒక రకం ప్రశ్నలోనైతే ఆరింట్లోంచి రెండు ఎంచాలి, రెండూ వాక్యానికి ఒకే అర్థం ఇవ్వాలి. జాబితా ఒక్కటే నమ్ముకుంటే అక్కడ నెగ్గుకురావడం కష్టం.

వేరుమూలం:
లాటిన్ ధాతువుల గురించి ఎవరూ ఎత్తలేదేం! స్పెక్ట్ అంటే చూడటం. ఇన్‌స్పెక్ట్ లోపలికి చూడటం, రెట్రాస్పెక్ట్ వెనక్కి చూడటం, సర్కమ్‌స్పెక్ట్ నాలుగు వైపులా చూసుకుని అడుగేసే మనిషి. ఒక్క ధాతువుతో కొత్త పదాలు చాలావరకు ఊహకు అందుతాయి.

తూనీగ:
ధాతువులు నాకూ ఇష్టమే, అయితే ఊహించాక నిఘంటువులో చూసి తీరాలి. ఎనర్వేట్ చూస్తే ఎనర్జీ ఇస్తుందేమో అనిపిస్తుంది, అసలు అర్థం నీరసపరచడం. నాయిసమ్‌కి నాయిస్‌తో సంబంధం లేదు, అది దుర్గంధం. డిస్‌ఇంటరెస్టెడ్ జడ్జి కావాలంటే ఆసక్తి లేని జడ్జి అని కాదు, తన స్వార్థం ఏమీ లేని నిష్పక్షపాతి అని.

నీలిసిరా:
చాలా విషయాలు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. అసలు ఎన్ని పదాలు నేర్చుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకలం:
నవలలు, పత్రికలు సాఫీగా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ అనే భాషా శాస్త్రవేత్త 2006లో అంచనా వేశారు. పద కుటుంబం అంటే అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్ అన్నీ కలిపి ఒకటి. ఆ అంకె చూసి భయపడకండి, అందులో చాలావరకు మీకు ఇప్పటికే వచ్చు. మీకు కావలసింది రాయడం కాబట్టి ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ పట్టుకోండి. 570 కుటుంబాలే. చదువుకు సంబంధించిన ఇంగ్లీష్ రచనల్లో దాదాపు పదో వంతు పదాలు అవే.

నీలిసిరా:
సరే, మిటిగేట్‌తోనే మొదలుపెట్టాను, అంటే తీవ్రత తగ్గించడం. నిఘంటువులో రిస్క్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్ తోడుగా కనిపించాయి. నా వాక్యం: ‘ప్లాంటింగ్ ట్రీస్ కెన్ మిటిగేట్ అగెనెస్ట్ ద ఎఫెక్ట్స్ ఆఫ్ హీట్.’ సరిపోయిందా?

తూనీగ:
తోడు చక్కగా కుదిరింది. అగెనెస్ట్ మాత్రం తీసేయండి. అది మిలిటేట్ అనే వేరే క్రియతో వస్తుంది, దానికి అర్థం అడ్డుగా నిలవడం. ఉచ్చారణ దగ్గరగా ఉండటంతో రెండూ కలిసిపోతుంటాయి. ‘మిటిగేట్ ద ఎఫెక్ట్స్ ఆఫ్ హీట్’ అని రాసుకుని, కింద మిలిటేట్‌తో కూడా ఒక వాక్యం పెట్టండి, చూద్దాం.