పెట్ షాప్ బాయ్స్ పాత కేసెట్‌ను కాపాడుకోవడం ఎలా?

పెట్ షాప్ బాయ్స్ అనే బ్రిటిష్ పాప్ జంట పాటల పిచ్చి నాకు అంటించింది మా బాబాయి. లండన్‌లో ఉన్న రోజుల్లో రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పాటలు రికార్డు చేసేవాడు. ఇప్పుడు నా దగ్గరున్న ఆ కేసెట్‌లో వాళ్ల పాట 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' అందరూ విన్న రికార్డింగ్‌లా లేదు, డ్రమ్స్ మోటుగా ఉన్నాయి. 1986 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది నిర్మాత స్టీఫెన్ హేగ్‌తో చేసిన రికార్డింగ్. అంతకుముందు 1984లో న్యూయార్క్ నిర్మాత బాబీ ఓర్లాండోతో చేసింది ఇంకొకటి ఉంది. (ఈ జంటలో గాయకుడు నీల్ టెనెంట్ అప్పట్లో స్మాష్ హిట్స్ అనే పాప్ సంగీత పత్రికలో పనిచేసేవాడు. 1983లో 'ది పోలీస్' అనే రాక్ బృందం ఇంటర్వ్యూ కోసం న్యూయార్క్ వెళ్లి, పనిలో పనిగా ఓర్లాండోని కలిశాడు. అదృష్టమంటే అదీ!) నా టేపులో ఉన్నది ఆ పాతదేనని నా అనుమానం.

ఇప్పుడు అసలు సమస్య. రీలును ప్లేయర్ హెడ్‌కి (టేపు మీది పాటను చదివే భాగానికి) ఆనించే చిన్న స్పాంజి ముక్క కేసెట్‌లోంచి ఊడిపోయింది. పాట లోతు బావిలోంచి వస్తున్నట్టుంది. కేసెట్‌కి స్క్రూలు లేవు, అంటించేసిన రకం. పగలగొట్టి రీలును ఇంకో డబ్బాలోకి మార్చవచ్చా? చేసినవాళ్లెవరైనా ఉన్నారా? తర్వాత ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌కి వైరు కలిపితే చాలా, సౌండు చెడుతుందా?

యూట్యూబ్‌లో వినమని మాత్రం చెప్పకండి. పాట మధ్యలో పిన్ని "టీ చల్లారిపోతోంది" అనడం అక్కడ ఉండదు. రెండు రికార్డింగులకీ తేడా చెవితో పట్టగలిగినవాళ్లుంటే ఆ గుర్తులు కూడా చెప్పండి.