సలహా సంఘంలో ఖాళీలుంటే కోరం లెక్క దేని మీద?

ప్రశ్న

నమస్కారం. కాలిఫోర్నియా బే ఏరియాలోని ఒక నగరంలో పార్కుల సలహా సంఘానికి రెండేళ్లుగా సభ్యుడిని. సంఘంలో మొత్తం 11 స్థానాలున్నాయి. మూడు స్థానాలను చాలాకాలంగా భర్తీ చేయకపోవడంతో ప్రస్తుతం ఎనిమిది మందిమే ఉన్నాం. సభ్యులలో సగానికి మించినవారు హాజరైతే కోరం అని మా బైలాలలో ఉంది తప్ప, ఆ సగాన్ని స్థానాల మీద లెక్కించాలా, ఉన్న మనుషుల మీద లెక్కించాలా అన్నది ఎక్కడా లేదు.

రెండు వారాల క్రితం జరిగిన సమావేశానికి నలుగురం గదిలో ఉన్నాం. ఐదో సభ్యురాలు విజయవాడలో పుట్టింట్లో ఉండి వీడియో ద్వారా చేరారు. ఎనిమిదిలో సగానికి మించితే ఐదు కాబట్టి కోరం ఉన్నట్టేనని అధ్యక్షులు ప్రకటించి, ఇకమీదట నలుగురు వస్తే చాలునన్న బైలా సవరణను ఓటుకు పెట్టారు. దాని ముసాయిదాపై మేం ఐదుగురం అంతకుముందే ఈమెయిళ్లలో చర్చించుకుని ఉన్నాం గనుక చర్చ పెద్దగా జరగలేదు. ముగ్గురు అనుకూలంగా, ఒకరు వ్యతిరేకంగా ఓటు వేశారు, నేను తటస్థంగా ఉండిపోయాను. బైలాల సవరణకు హాజరైనవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. పోలైన నాలుగు ఓట్లలో మూడు వచ్చాయి కాబట్టి సవరణ నెగ్గిందని మినిట్స్‌లో రాశారు.

వ్యతిరేకించిన సభ్యుడు మాత్రం కోరం ఆరు అనీ, అసలు సమావేశమే చెల్లదనీ అంటున్నారు. ఎవరి లెక్క సరైనది? నా తటస్థ ఓటును ఎటు కలపాలి?

జవాబు 1

మీ ప్రశ్నకు సమాధానం బైలాలలో దొరకదు. మీ సంఘాన్ని ఏర్పాటు చేసిన ఆర్డినెన్సును ముందు తెప్పించుకుని చదవండి. (ఇక్కడ ఆర్డినెన్సు అంటే మన దేశంలో లాగా గవర్నరు జారీచేసే తాత్కాలిక చట్టం కాదు, సిటీ కౌన్సిల్ ఓటు వేసి చేసిన స్థానిక చట్టం.) అన్నిటికీ పైన రాష్ట్ర చట్టం, దాని కింద నగర చార్టరు (నగర పాలనకు మూల చట్టం) ఉంటే చార్టరు, దాని కింద ఆర్డినెన్సు, ఆ తరువాతే బైలాలు వస్తాయి. బైలాలు కూడా ఏమీ చెప్పనిచోట మాత్రమే సభల నిర్వహణకు వాడే రాబర్ట్స్ రూల్స్ అనే నియమాల పుస్తకం వైపు చూడాలి. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు ఒక చర్చి సభకు అధ్యక్షత వహించబోయి, దాన్ని అదుపు చేయలేక అవమానపడి, పట్టుదలతో చదివి 1876లో ఆ నియమాలను అచ్చువేయించాడు. నేను పనిచేసిన సంఘాలలో అధ్యక్షులు ఎక్కువగా ఈ వరసను తలకిందులు చేసి, చేతికందిన ఆ పుస్తకంతోనే మొదలుపెట్టేవారు.

ఆర్డినెన్సు కూడా ఏమీ చెప్పకపోతే, ముగ్గురికి లేదా అంతకు మించిన ప్రభుత్వాధికారులకు ఉమ్మడిగా ఇచ్చిన అధికారాన్ని వారిలో అధిక సంఖ్యాకులు వినియోగించవచ్చునని కాలిఫోర్నియా సివిల్ కోడ్ 12వ సెక్షన్ చెబుతోంది. ఆ అధిక సంఖ్యను మంజూరైన మొత్తం స్థానాల మీద లెక్కించడమే ఇక్కడి సాధారణ పద్ధతి. ఖాళీలు పెరిగినకొద్దీ కోరం కరిగిపోతూ ఉంటే చివరికి ముగ్గురు కూర్చుని ఊరి తరఫున మాట్లాడే పరిస్థితి వస్తుంది. ఆ లెక్కన మీకు ఆరుగురు కావాలి. అయితే అధికారం ఇచ్చిన చట్టంలోనే వేరే విధంగా ఉంటే అదే వర్తిస్తుందని ఆ సెక్షనే మినహాయింపు కూడా ఇచ్చింది. ఆర్డినెన్సు చూడమన్నది అందుకే.

ఇక మీ ఓటు సంగతి. తటస్థంగా ఉన్నవారు కోరంలోకి వస్తారు, పోలైన ఓట్లలోకి రారు. కానీ మీ బైలా అడుగుతున్నది పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు కాదు, హాజరైనవారిలో మూడింట రెండు వంతులు. ఐదుగురు హాజరైతే నలుగురి మద్దతు కావాలి, మీకు వచ్చింది ముగ్గురిది. ఇలాంటి వాక్యం ఉన్నచోట తటస్థంగా ఉండటమూ వ్యతిరేకించడమూ ఒకటే. కోరం సంగతి ఎలా తేలినా ఆ సవరణ నెగ్గలేదు.

జవాబు 2

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సంఘంలో కోరం లేకపోతే అరగంట వాయిదా వేసి, అదే గదిలో అదే కుర్చీలలో మళ్లీ కూర్చుంటాం. వాయిదా సమావేశానికి కోరం అక్కరలేదని మా బైలాలలోనే ఉంది. మీరూ ఆ మార్గం చూసుకోకూడదా?

జవాబు 3

అది కుదరదు. సలహా సంఘమైనా సరే, కౌన్సిల్ చట్టం ద్వారానో తీర్మానం ద్వారానో ఏర్పడినదైతే, బహిరంగ సమావేశాల కోసం 1953లో వచ్చిన బ్రౌన్ చట్టం దానికి వర్తిస్తుంది. కోరం లేనప్పుడు హాజరైన కొద్దిమంది సమావేశాన్ని వాయిదా వేయగలరు గానీ, నిర్ణయాలు చేయలేరు.

మొదటి జవాబులో రాని రెండు విషయాలున్నాయి. వీడియోలో పాల్గొనే సాధారణ నిబంధన ప్రకారం, సభ్యురాలు ఉన్న చోటు ఎజెండాలో ప్రకటించి, ప్రజలు అక్కడికి కూడా రాగలిగేలా ఉంచడమే కాకుండా, కనీసం కోరానికి సరిపడే సభ్యులు నగర పరిధి లోపల నుంచే పాల్గొనాలి. సలహా సంఘాలకు ఇటీవలి సవరణలలో కొన్ని సడలింపులు వచ్చాయి గానీ, వాటిని వాడుకోవాలంటే కౌన్సిల్ ముందుగా ఆమోదించి ఉండాలి. అలాంటి ఆమోదం లేకపోతే విజయవాడ నుంచి చేరినవారు మీ కోరాన్ని నింపలేరు.

రెండోది మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన ఈమెయిళ్లు. సభ్యులలో అధిక సంఖ్యాకులు సమావేశం బయట, ఒకేసారిగానీ ఒకరి తరువాత ఒకరుగానీ, సంఘం పరిధిలోని విషయాన్ని చర్చించడాన్ని బ్రౌన్ చట్టం నిషేధిస్తుంది. సంఖ్యను 11 మీద లెక్కిస్తే మీ ఐదుగురు అధిక సంఖ్యాకులు కారు, కాబట్టి ఆ ఈమెయిళ్లలో తప్పు లేదు. ఎనిమిది మీద లెక్కిస్తే ఐదుగురే అధిక సంఖ్యాకులు. మీ అధ్యక్షులు కోరం కోసం ఎనిమిది అనీ, ఈమెయిళ్ల కోసం పదకొండు అనీ అనడానికి లేదు.

జవాబు 4

హైదరాబాద్‌లో కంపెనీ సెక్రటరీగా పనిచేస్తున్నాను. ఖాళీలను కలపాలా వద్దా అన్నది తర్కంతో తేలే ప్రశ్న కాదని చెప్పడానికే రాస్తున్నాను. మన రాజ్యాంగంలో 100, 189 అధికరణలు కోరాన్ని సభ మొత్తం సభ్యుల సంఖ్యలో పదో వంతుగా చెప్పాయి. శాసనసభలకైతే పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. అందుకే 175 స్థానాల ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 18 మంది, 119 స్థానాల తెలంగాణ శాసనసభకు 12 మంది కావాలి. 2013 కంపెనీల చట్టం 174వ సెక్షన్ మాత్రం డైరెక్టర్ల మొత్తం సంఖ్యలో ఖాళీ స్థానాలను కలపరాదని వివరణలో స్పష్టంగా రాసింది. పైగా డైరెక్టర్లు కోరం కన్నా తగ్గిపోతే, మిగిలినవారు ఆ సంఖ్యను పూరించడానికో సర్వసభ్య సమావేశం పిలవడానికో తప్ప మరే పనికీ పూనుకోరాదని కూడా కట్టడి చేసింది. మీ అధ్యక్షుల లెక్క నిరాధారం కాదు. కాకపోతే అలాంటి వాక్యం మీ నగర చట్టంలో కనిపించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నగర క్లర్కు కార్యాలయం నుంచి ఆర్డినెన్సు ప్రతి అందింది. నియమితులై పదవిలో ఉన్న సభ్యులలో సగానికి మించినవారు కోరం అని అందులో ఉంది. అంటే ఐదు అన్న సంఖ్య విషయంలో అధ్యక్షులదే సరైన మాట, నేను అనుమానించినందుకు క్షమాపణ చెప్పుకున్నాను. అయితే వీడియో సడలింపులను మా కౌన్సిల్ ఆమోదించలేదట. కాబట్టి ఆ రోజు లెక్కకు వచ్చినవాళ్లం నలుగురమే. ఆర్డినెన్సు ఐదంటున్నప్పుడు బైలాలో నాలుగని రాసుకునే హక్కు మాకు లేదని కూడా అర్థమైంది.

ఈమెయిళ్లలో రెండు నావే.

జవాబు 3

అయితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేసేదాకా ఆగకండి. సమావేశంలో తీసుకున్న నిర్ణయాన్ని సరిదిద్దమని రాతపూర్వకంగా కోరడానికి సాధారణంగా 90 రోజులు, ఎజెండాకు సంబంధించిన ఉల్లంఘన బహిరంగ సమావేశంలో జరిగి ఉంటే 30 రోజులు గడువు ఉంటుంది. కోరిక అందాక సంఘానికి 30 రోజులు ఇస్తారు. మీరే ముందుగా సరిదిద్దుకుంటే ఆ గొడవ ఉండదు. అధ్యక్షులతో ఈ విషయం మాట్లాడండి, కానీ దయచేసి ఐదుగురికీ కలిపి ఈమెయిల్ పంపకండి.

ప్రశ్న అడిగినవారు

అధ్యక్షులకు మాత్రమే ఫోన్ చేశాను. పాత మినిట్స్‌ను సరిచేయడం, ఆ ఈమెయిళ్లను బహిరంగ రికార్డులో చేర్చడం వచ్చే సమావేశపు ఎజెండాలో మొదటి అంశంగా ఉంటాయి. మూడు ఖాళీలను భర్తీ చేయమని కౌన్సిల్‌ను కోరడం రెండో అంశం. విజయవాడ వెళ్లిన సభ్యురాలు అప్పటికి తిరిగి వస్తారు.