జర్మనీలో ఉన్న అబ్బాయికి అయిదు కిలోల్లో ఏమి పంపాలి?

బాపట్ల ఆడపడుచు (మహదేవపుర, బెంగళూరు):

అందరికీ నమస్కారం. మా పెద్దబ్బాయి జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వెళ్ళి పదకొండు నెలలయింది. వచ్చే నెల మా తోడికోడలి కొడుకు కూడా అదే ఊరికి చదువుకు వెళ్తున్నాడు. తన సామానులో అయిదు కిలోల చోటు మావాడి కోసం వదిలిపెడతానని మాటిచ్చాడు. ఆ అయిదు కిలోల్లో ఏమి సర్దాలన్నదే నా ప్రశ్న.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గోంగూర పచ్చడి జాడీ మూత తీస్తే ముఖం చిట్లించిన పిల్లవాడు, ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా గోంగూర, పులుసు, ఇంగువ తాలింపు వేసిన పప్పు అంటూ కలవరిస్తున్నాడు. అక్కడ మన దేశపు హోటళ్ళు లేక కాదు. వాటిలో దొరికేవి వెన్న, మీగడ, జీడిపప్పు ముద్ద వేసిన ఉత్తరాది కూరలేనని, వాటిని తిన్న రాత్రి ఇంటి మీద బెంగ ఇంకా ఎక్కువవుతోందని అంటాడు. నేను 1996లో పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు ఎర్రగా కనబడుతూ నాలుకకు తగలని బ్యాడగి కారంతోనూ, బెల్లం వేసిన సాంబారుతోనూ కొన్నాళ్ళు ఇటువంటి అవస్థే పడ్డాను గానీ, నాకు రాత్రి బస్సు ఉండేది. మా అమ్మ ఆ బస్సులో వచ్చే ఎవరో ఒకరి చేతికి గుంటూరు కారం డబ్బా ఇచ్చి పంపేది. మావాడికి ఆ వీలు లేదు.

ఆవకాయ, గోంగూర నిల్వ పచ్చడి, కందిపొడి, నల్లకారం, కిలో నెయ్యి, పాలకోవా, సున్నుండలు, ఎండు కొబ్బరి చిప్పలు, పచ్చి కరివేపాకు, గసగసాలు అని జాబితా రాసుకున్నాను. తూచి చూస్తే తొమ్మిది కిలోలు దాటింది. దేన్ని తీసేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

ఆరేళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నవాడు (ప్రస్తుతం వైట్‌ఫీల్డ్):

అమ్మా, మీ జాబితాలో సగం బరువును జర్మనీ కస్టమ్స్ వారే తగ్గిస్తారు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసంతోగానీ పాలతోగానీ చేసిన పదార్థాలను వెంట తీసుకురాకూడదు. నెయ్యి, పాలకోవా ఆ నిబంధన కిందికి వస్తాయి. పచ్చి కరివేపాకు సంగతి వేరు. 2019 డిసెంబరు 14 నుంచి పచ్చి ఆకులు, కాయలు, పండ్లలో చాలావాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి అయింది. అరటి, కొబ్బరి, ఖర్జూరం వంటి కొన్నింటికి మాత్రమే మినహాయింపు ఉంది. కరివేపాకు కోసం బాధపడనక్కరలేదు. ఆ దేశంలో శ్రీలంక తమిళులు నడిపే దుకాణాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. అక్కడ కరివేపాకే కాదు, మునగకాయలు కూడా దొరుకుతాయి, ధర మాత్రం అడగకండి.

నెయ్యి పంపకపోవడమే ఒక విధంగా మేలు. అక్కడి ఉప్పులేని వెన్నలో కొవ్వు 82 శాతం ఉంటుంది. పావుకిలో కడ్డీని సన్నని మంట మీద కాస్తే దాదాపు రెండు వందల గ్రాముల నెయ్యి వస్తుంది. బెంగళూరులో నేను ఇప్పుడు కొంటున్న నెయ్యి కంటే అదే కమ్మగా ఉండేదని మా ఆవిడ వినకుండా ఇక్కడ రాస్తున్నాను. కాబట్టి సున్నుండలకు బదులు వేయించి విసిరిన మినప్పిండి, బెల్లం పొడి పంపండి, నెయ్యి అతనే కాచుకుని ఉండలు చుట్టుకుంటాడు.

గోంగూర గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల వసంతకాలంలో ఏడు రకాల ఆకులు కలిపి కాగితంలో చుట్టి అమ్ముతారు, వాటితో 'గ్రూనె జోసె' అనే పచ్చని చల్లటి పచ్చడి లాంటిది చేసుకుంటారు. ఆ ఏడింటిలో జావరాంప్ఫర్ అనే పుల్లని ఆకు ఒకటి. మనవాళ్ళు చాలామంది దాన్ని జర్మన్ గోంగూర అంటారు గానీ అది పొరపాటు. అది మన చుక్కకూరకు దగ్గరి చుట్టం, రెండూ రుమెక్స్ జాతివే. గోంగూరేమో మందార జాతిది. అందువల్ల ఆ ఆకుతో పప్పు చేస్తే అచ్చం చుక్కకూర పప్పులా కుదురుతుంది, పచ్చడి చేస్తే మాత్రం గోంగూర వాసన రాక మనసు ఇంకా చివుక్కుమంటుంది. అక్కడ టీ దుకాణాల్లో మందార టీ అని అమ్మే ఎర్రని ఎండు రేకులు నిజానికి ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే రేకులే. ఒక చలికాలం వాటిని వేడినీళ్ళలో నానబెట్టి, వేయించిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లితో నూరి చూశాను. గోంగూర అని చెప్పలేను గానీ ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను. మీరు మాత్రం నిల్వ పచ్చడి పంపడమే మంచిది.

ముగ్గురు పిల్లలను పంపిన తల్లి (బానసవాడి):

పై సోదరుడు చెప్పినదానికి రెండు చేర్పులు. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టవద్దు. నూనె శాతం ఎక్కువ కావడం వల్ల ఎండు కొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల కోవలోకి వస్తుంది. చెకిన్ సామానులో కనిపిస్తే విమానాశ్రయంలో పెట్టె తెరిపించి తీసేస్తారు. మా రెండో అమ్మాయి విషయంలో తెల్లవారుజామున మూడు గంటలకు దేవనహళ్ళిలో ఆ పని జరిగింది, పెట్టెతో పాటు నా పరువూ పోయింది. గసగసాలూ వద్దు. ప్రయాణం దుబాయి మీదుగా అయితే మరీ వద్దు, అక్కడ అవి నిషిద్ధం. జర్మనీలో అవి బ్రెడ్డు మీద చల్లి అమ్మే మామూలు సరుకు, కాకపోతే మన తెల్లవి కాకుండా నల్లగా ఉంటాయి.

పచ్చడి సర్దడంలో చాలామంది చేసే తప్పు సీసాను అంచు దాకా నింపడం. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి సుమారు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది కాబట్టి లోపలి గాలి ఉబ్బి నూనెను మూత సందుల్లోంచి నెడుతుంది. పైన తేలే నూనెను వంచేసి, ముద్దను మాత్రం మందపాటి కవర్లో వేసి, గాలి తీసి, వేడితో అతికించి, దాన్ని ఇంకొక కవర్లో పెట్టి, ఆ మొత్తాన్ని పాత తువ్వాలులో చుట్టాలి. వంచిన నూనెకు బదులు అక్కడ నువ్వుల నూనె కాచి చల్లార్చి పోసుకోమని చెప్పండి. పచ్చడి చేతి సంచీలో పెట్టనివ్వకండి, తనిఖీ దగ్గర ఆపేస్తారు. ఆవకాయ ఇంట్లో పెట్టినదైతే ఏ కాయతో పెట్టారో కూడా చూసుకోండి. మన ఊళ్ళో బెంగుళూర కాయ అనే తోతాపురితో పెడితే ముక్క నెలకే మెత్తబడుతుంది.

పొగ అలారం బాధితుడు (ప్రస్తుతం జర్మనీలోని ఆహెన్, ఇల్లు హొరమావు):

ఆంటీ, నేను ఇప్పుడు అక్కడే చదువుతున్నాను కాబట్టి ఇంకో వైపు నుంచి చెబుతాను. పెద్దలు పచ్చళ్ళ గురించే మాట్లాడుతున్నారు గానీ, పచ్చడి ఉన్నా వేడి అన్నంలోకి పప్పు లేకపోతే పదిహేను రోజులకు విసుగొస్తుంది. నాకు నిజంగా బెంగ పుట్టించేది తాలింపు వాసన. హాస్టల్లో ఆరుగురికి ఒకటే వంటగది, దాని కప్పుకు పొగ అలారం, ఎండుమిరపకాయ నల్లబడితే భవనమంతా మోగుతుంది. ఒకసారి నా తాలింపు వల్ల నలభై మంది చలిలో చెప్పులతో బయట నిలబడ్డారు. అప్పటి నుంచి మా అమ్మ ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మిరపకాయలు నూనెలో దోరగా వేయించి, ఇంగువ కలిపి, చల్లారాక పొడిసీసాలో పంపుతోంది. ఉడికిన పప్పులో ఒక చెంచా వేసి మూత పెడితే చాలు. వంద గ్రాములు రెండు నెలలు వచ్చింది.

కందిపప్పు బరువు మోయించకండి, దొరుకుతుంది. అన్నానికి ఇక్కడి మిల్ష్‌రైస్ అనే పొట్టి బియ్యం మెత్తగా ఉడికి పెరుగన్నానికి బాగుంటుంది. గుంటూరు కారం మాత్రం తప్పకుండా పంపండి, ఇక్కడ దొరికే కారానికి రంగు కూడా సరిగా లేదు.

ఆరేళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నవాడు:

తమ్ముడు చెప్పిన తాలింపు ఉపాయం నా కాలంలో ఎవరూ చెప్పలేదు. విషయం వచ్చింది కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. తిరిగొచ్చి రెండేళ్ళయింది, ఇప్పుడు ఆదివారం పొద్దున్న నాకు జర్మనీలో రై అనే ధాన్యం పిండితో చేసే బ్రెడ్డు గుర్తొస్తుంది. ఇంట్లో పెసరట్టు ఉండగా ఆ పుల్లని గట్టి రొట్టె ఎందుకని అందరూ నవ్వుతారు. అక్కడ మొదటి ఆరు నెలలూ దాన్ని నమలలేక తిట్టుకున్నవాడిని నేనే.

బాపట్ల ఆడపడుచు:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నెయ్యి, కోవా, కొబ్బరి, గసగసాలు, కరివేపాకు తీసేశాను. కిలోన్నర ఆవకాయ, కిలో గోంగూర పచ్చడి, అరకిలో గుంటూరు కారం, కందిపొడి, నల్లకారం, మినప్పిండి, బెల్లం పొడి, వేయించిన తాలింపు రెండు సీసాలు పెడితే కవర్లతో సహా నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములయింది. ఆవకాయ కిలో చాలని మావారు అంటున్నారు గానీ, అలాంటి ఉమ్మడి వంటగదిలో మావాడు ఒక్కడే తింటాడని నేను అనుకోవడం లేదు. మిగిలిన రెండు వందల గ్రాములను తోడికోడలి కొడుకుకే వదిలేస్తున్నాను. అతనూ గోంగూర ముట్టని పిల్లవాడే.