అప్‌డేట్: అమ్మతో మహేంద్రగిరి వెళ్లొచ్చాం

శ్రీకాకుళం నుంచి ఒక్కరోజులో అమ్మను మహేంద్రగిరి అడవికి తీసుకెళ్లగలనా, నడవగలదా అని అడిగాను కదా. నిన్న వెళ్లొచ్చాం. తెల్లవారుజామునే బయలుదేరమన్నవాళ్లకు దండం. పలాస మీదుగా ఒడిశాలోకి, తర్వాత ఘాట్ రోడ్డు. 1,501 మీటర్ల కొండ కదా, పైన చలికి అమ్మ తలమీద కొంగు తియ్యలేదు!

కారు దిగి చెట్ల మధ్య మెల్లగా నడిచాం. పొగమంచులో పదడుగుల అవతల ఏముందో కనబడదు, ఆకుల మీంచి నీటిబొట్లు రాలే చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. భీముడి గుడి చూసి అమ్మ, "ఇంతింత రాళ్లు ఎవులు ఎత్తారురా?" అంది. కుంతి గుడికి మాత్రం మోకాళ్లు ఒప్పుకోలేదు.

పులిహోర బోలెడు పట్టుకెళ్లి నీళ్లు తక్కువ తీసుకెళ్లాను. అమ్మ ఇంకా తిడుతోంది. శివరాత్రి జాతరకు మళ్లీ వెళ్దామంటోంది కూడా.