ఎనిమిదో నెల, కడుపు నొప్పి: ఎవరికైనా ఇలా అయ్యిందా?

భూపాలపల్లి_కోడలు:
నాకు 33 వారాలు. మొదటి కాన్పు. మూడు రోజుల నుంచి సాయంత్రమైతే కడుపు రాయిలా గట్టిపడి నిమిషంలో వదిలేస్తోంది. అది కాక నిన్నటి నుంచి కుడివైపు పక్కటెముకల కింద ఒకటే నొప్పి, తిన్నా తినకపోయినా. చెకప్‌కు ఇంకా పది రోజులుంది. హన్మకొండ మాకు 60 కిలోమీటర్ల పైనే. అత్తమ్మేమో రెండు చెంచాలు ఆముదం తాగితే అంతా సాఫ్ అవుతుందంటోంది. తల్లిగారింటికి తొమ్మిదో నెలలోనే పంపుతారట. ఏం చేయాలి?

నర్సంపేట_అమ్మ:
ఆముదమా!! ముట్టుకోకు చెల్లీ. డేట్ దాటిందని నాకు మా పెద్దమ్మ పట్టించింది. రాత్రంతా బాత్‌రూంకు పరుగులే. పొద్దునకు కాళ్లు వణికి గోడ పట్టుకుని నడిచాను. రెండు సెలైన్లు ఎక్కించారు. ఇంత చేసినా నొప్పులు రాలేదు.

అవ్వ_మాట:
మేం ఆముదం తాగే నలుగురిని కన్నం. ఒక్క కాన్పుకూ కత్తి పడలేదు. ఇప్పటి పిల్లలకు చెంచా ఆముదమంటే భయం, కడుపు కోస్తామంటే మాత్రం సంతకం పెట్టేస్తారు.

నర్సంపేట_అమ్మ:
అవ్వా, నువ్వు నెలలు నిండినంక తాగావా, ఎనిమిదో నెలలోనా?

అవ్వ_మాట:
నిండినంకనే. అయితే ఏంది?

నర్సంపేట_అమ్మ:
అయితే అదే. ఆమెకు ఇంకా నిండలేదు.

పరకాల_పెద్దకోడలు:
తల్లిగారింటికి ఏడో నెలలోనే పంపాల్సింది. ఎనిమిదిలో పంపరు కదా, అందుకే ఇరుక్కుపోయింది. మా అత్తగారూ ఇదే లెక్క చెప్పి నన్ను వడ్లు ఎండబెట్టేదాకా ఉంచుకుంది.

మెడికల్_షాపు_మామ:
18 ఏళ్ల నుంచి షాపు నడుపుతున్నాను, ఇలాంటివి రోజూ చూస్తా. ఇది గ్యాసే. పరగడుపున ఒక గ్యాస్ గోళీ, రాత్రికి ఒక నొప్పి గోళీ. దవాఖానకు పోతే ఊరికే స్కానింగులు రాస్తారు.

కాజీపేట_క్వార్టర్స్:
ఏ నొప్పి గోళీ మామా? ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దని మా డాక్టరమ్మ నా ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసింది. చివరి నెలల్లో అవి వేసుకుంటే ఉమ్మనీరు తగ్గుతుంది, బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు.

మెడికల్_షాపు_మామ:
నేనన్నది పారాసిటమాల్.

కాజీపేట_క్వార్టర్స్:
అనలేదు. పైకి పోయి చదువుకో. 18 ఏళ్ల నుంచి ఇట్లనే అమ్ముతున్నావా?

మెడికల్_షాపు_మామ:
మర్యాదగా మాట్లాడమ్మా. నువ్వు డాక్టర్‌వా?

కాజీపేట_క్వార్టర్స్:
కాదు. నువ్వు కూడా కాదు.

జనగామ_చిన్నక్క:
కొట్లాడుకోకండి. గట్టిపడటం అయితే దొంగ నొప్పులు. నేను మూడుసార్లు ఆటో కట్టించుకుని పోయి వెనక్కి వచ్చాను. మూడోసారి డ్యూటీ నర్సు నవ్వి, కడుపు మీద చెయ్యి పెట్టి గడియారం చూడమంది. నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకుంటే తగ్గేవి దొంగవి. దగ్గరపడుతూ బలం పెరిగేవి అసలువి. ఐదు నిమిషాలకొకటి, నిమిషం సేపు, గంటపాటు ఆగకుండా వస్తే బయలుదేరమంది. నా ఫోన్‌లో ఆ రాత్రి లెక్క ఇంకా ఉంది: 2:10, 2:31, 2:38, 3:15. తర్వాత నిద్రపోయాను.

కాజీపేట_క్వార్టర్స్:
అక్కా, అది నెలలు నిండినవాళ్ల లెక్క. 37 వారాలు నిండకముందు గంటకు నాలుగైదు సార్లు గట్టిపడినా, నీరు పోయినా, రక్తం కనిపించినా గడియారం పెట్టుకుని కూర్చోవద్దు.

పరకాల_పెద్దకోడలు:
పోతే ఆపరేషనే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో నూటికి 60కి పైగా ఆపరేషన్లే అని తేలింది. మా ఆడపడుచు అయితే పంతులు పెట్టిన ముహూర్తానికి తెల్లవారుజామున 5:40కి కోయించుకుంది. పిల్లాడు ఇప్పుడు రోజూ పదింటికి లేస్తాడు.

నర్సంపేట_అమ్మ:
అందరికీ అట్లా కాదు. మా చెల్లెకు వరంగల్ సీకేఎం ప్రసూతి దవాఖానలో నార్మల్ అయింది, మూడున్నర కిలోల బిడ్డ.

హుజూరాబాద్_రెండోకాన్పు:
అందరూ ఆముదం పట్టుకుని కొట్టుకుంటున్నారు, ఆమె రాసిన ఆ కుడివైపు నొప్పి ఎవరికీ కనబడలేదా? నాకు 35 వారాలప్పుడు అచ్చం అక్కడే వచ్చింది. గ్యాసని సోడా తాగాను. పొద్దున్నే ఉంగరం సబ్బు రాసినా రాలేదు. సాయంత్రానికి కళ్ల ముందు మిణుగురులు. బీపీ చూస్తే 170/110, మూత్రంలో ప్రొటీన్, లివర్ మీద కూడా ఎఫెక్ట్. ఆ రాత్రే ఆపరేషన్, పాప 1.9 కిలోలు. చెల్లీ, తలనొప్పి ఉందా? ముఖం, చేతులు ఉబ్బాయా? బిడ్డ ఎప్పటిలాగే కదులుతోందా? పది రోజులు ఆగకు, ఇప్పుడే బీపీ చూపించుకో.

భూపాలపల్లి_కోడలు:
కదులుతోందక్కా. తలనొప్పి రెండు రోజుల నుంచి ఉంది, ఎండకనుకున్నాను. మెట్టెలు బిగుసుకుపోయాయి. ఆశా వర్కర్‌ను పిలుస్తున్నాను.

అవ్వ_మాట:
ఓ బిడ్డా, దాన్నే మేం గుర్రపు వాతం దారి అనేవాళ్లం. మా తోడికోడలికి ఫిట్స్ వచ్చి పోయింది, బీపీ చూసే మిషన్ ఆ రోజుల్లో ఎక్కడిది. లేట్ చేయకు.

పరకాల_పెద్దకోడలు:
102కి ఫోన్ చెయ్యి, బండి ఇంటికే వస్తుంది.

హుజూరాబాద్_రెండోకాన్పు:
102 చెకప్‌లకు తీసుకుపోయి దింపే బండి. అర్జెంటుకు 108 చెయ్యాలి. ఫైలు, బ్లడ్ గ్రూప్ కాగితం చేతిలో పెట్టుకో.

భూపాలపల్లి_కోడలు:
మూడు రోజుల తర్వాత ఫోన్ పట్టాను. ఆశక్క చూసినప్పుడు బీపీ 150/100. 108లో హన్మకొండ తెచ్చారు, అడ్మిట్ చేసుకున్నారు. బీపీ తగ్గడానికి లాబెటలాల్ గోళీలు ఇస్తున్నారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు అయ్యాయి. రోజూ రక్తం తీస్తున్నారు, చెయ్యి నల్లబడింది. గట్టిపడటం దొంగ నొప్పులేనట, చిన్నక్క చెప్పినట్టే. ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పలేదు. అత్తమ్మ నా పక్కనే ఉంది, ఏమీ మాట్లాడటం లేదు.

మెడికల్_షాపు_మామ:
గ్యాస్ కూడా ఉండే ఉంటుంది.

కాజీపేట_క్వార్టర్స్:
మామా!!!

అవ్వ_మాట:
జాగ్రత్త బిడ్డా. ఆ ఆముదం సీసా మీ అత్తమ్మను దీపానికి పెట్టుకోమను.

నర్సంపేట_అమ్మ:
దీపానికి నువ్వుల నూనె కదా అవ్వా?