సైటు పడిపోయినప్పుడు క్రియేటర్లకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? మా ఆఫీసులో తెగని పంచాయితీ

కడప_సపోర్ట్:

అందరికీ నమస్తే. మాది కడపలో చిన్న టీమ్. తెలుగులో కోర్సులు, ఆడియో కథలు, లైవ్ క్లాసులు అమ్ముకునేవాళ్ళ కోసం ఒక ప్లాట్‌ఫామ్ నడుపుతున్నాం, నేను సపోర్ట్ చూస్తాను. మగ్గం వర్క్ నేర్పేవాళ్ళున్నారు, గ్రూప్-2 క్లాసులు చెప్పేవాళ్ళున్నారు, తెల్లారకముందే భక్తి ఆడియోలు పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళకు నెలనెలా చందా కట్టే సబ్‌స్క్రైబర్లు మళ్ళీ వేరే.

పోయిన ఆదివారం సాయంత్రం మేం సర్వర్లు తీసుకున్న కంపెనీ దగ్గర స్టోరేజీ ఇబ్బంది వచ్చి మా సైటు రెండు గంటలకు పైగా లేవలేదు. పడిపోవడం గురించి అడగట్లేదు, అది ఎవరికైనా జరిగేదే. ఆ రెండు గంటలు మేం ఏం మాట్లాడాలన్నదే తేలడం లేదు. మా టెక్ హెడ్ ఏమంటాడంటే, కారణం తెలిసేదాకా నోరు విప్పొద్దు, ఒకటి చెప్పి ఇంకోటి తేలితే పరువు పోతుంది అని. మా ఓనర్‌ది ఇంకో వాదన, అసలు గమనించనివాళ్ళకు కూడా మనమే దండోరా వేసి చెప్పడం దేనికి అని. మధ్యలో ఫోన్లు ఎత్తేది మాత్రం నేను.

వచ్చే నెల డేటాబేస్ మార్చాలి, అప్పుడు కావాలనే కొన్ని గంటలు ఆపాల్సి ఉంటుంది. కాబట్టి అనుకోకుండా పడిపోయినప్పుడు ఏం చెయ్యాలి, ముందే తెలిసి ఆపేటప్పుడు ఏం చెయ్యాలి, రెండూ చెప్పండి. మీ దగ్గర ఎలా చేస్తారో చెప్తే చాలు, పుస్తకాల్లో ఉండేది వద్దు.

అనంత_ఆన్‌కాల్:

అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తున్నా, సర్వర్లు చూసే ఉద్యోగం, రాత్రిళ్ళు అలారం మోగితే లేచేది నేనే. మీ టెక్ హెడ్ మాట నాకు మింగుడుపడలేదు. కారణం చెప్పడం వేరు, పడిపోయిందని చెప్పడం వేరు. మొదటి మెసేజ్‌లో కారణం ఎవరూ అడగరు. "సాయంత్రం 6:40 నుంచి సైటు, యాప్ తెరుచుకోవడం లేదు. మాకు తెలుసు, చూస్తున్నాం. 7:15కి మళ్ళీ చెప్తాం." ఇందులో తర్వాత వెనక్కి తీసుకోవాల్సిన మాట ఏముంది? నిజంగానే పడిందని ఇంకొకరితో చూపించుకుని, పది నిమిషాల్లో ఇది బయటకు పోవాలి. ఆ తర్వాత అరగంటకోసారి, కొత్త సంగతి లేకపోయినా సరే. 7:15 అని చెప్పి 7:15కి చప్పుడు లేకపోతే ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు.

ఎక్కడ చెప్పాలన్నది దీనికంటే పెద్ద సంగతి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ళ ఎస్3 స్టోరేజీ పడిపోయింది, ఒక కమాండ్ తప్పుగా కొట్టడంతో తియ్యాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేశారు. అసలు తమాషా ఏమిటంటే, "అన్నీ బాగున్నాయా లేదా" అని చూపించే వాళ్ళ హెల్త్ డాష్‌బోర్డు కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది, దాంతో సుమారు రెండు గంటలు దాన్ని మార్చలేకపోయారు, ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ పడినప్పుడూ అంతే, మనకు రాత్రి తొమ్మిది దాటాక మొదలైంది, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కూడా పోయాయి, వాళ్ళు కూడా ట్విట్టర్‌లోనే సంజాయిషీ ఇచ్చుకున్నారు. "మాకు వాట్సాప్ గ్రూపు ఉంది కదా, అందులో చెప్తాం" అని ధీమాగా ఉండేవాళ్ళు ఆ రాత్రిని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కాబట్టి స్టేటస్ పేజీ, అంటే సైటు పనిచేస్తోందో లేదో చూపించే పేజీ, వేరే కంపెనీ సర్వర్ మీద, వేరే డొమైన్ (సైటు అడ్రసు) మీద పెట్టండి. అప్‌టైమ్ కూమా అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, చిన్న సర్వర్ మీద నడుస్తుంది, పేజీ కూడా అదే చూపిస్తుంది. బొమ్మలు, హంగులు వద్దు, నాసిరకం సిగ్నల్‌లో కూడా తెరుచుకోవాలి. సమయాలు మన టైమ్‌లోనే రాయండి. మీ సర్వర్ కంపెనీ పేజీలో టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలపకుండా అలాగే కాపీ కొట్టి పెట్టేవాళ్ళను చూశాను, చదివేవాళ్ళకు అది మధ్యాహ్నం జరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి మీ టెక్ హెడ్‌కు. సర్వర్ పడినప్పుడు 503 ("ప్రస్తుతానికి అందుబాటులో లేదు" అనే కోడ్) ఇవ్వమనండి, ఎంతసేపటికి మళ్ళీ రావాలో చెప్పే రీట్రై-ఆఫ్టర్ హెడర్‌తో. "క్షమించండి" పేజీ పెట్టి దానికి 200 ("అంతా బాగుంది" అనే కోడ్) ఇస్తే గూగుల్ అదే అసలు పేజీ అనుకుని ఇండెక్స్ చేసుకునే ప్రమాదం ఉంది, అది క్రియేటర్ల కోర్సు పేజీలకే దెబ్బ.

మగ్గం_అక్క_కర్నూలు:

తమ్ముడూ, నేను ఇంకో ప్లాట్‌ఫామ్‌లో మగ్గం వర్క్ క్లాసులు చెప్తాను, మీ దాంట్లో కాదు. సర్వరు, హెడరు నాకు అర్థం కావు. సైటు పడినప్పుడు అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తా విను.

ఆదివారం లైవ్. ఫ్రేముకు గుడ్డ బిగించి, సూదులు, జరీ, పూసలు సర్దుకుని, లైటు పెట్టుకుని కూర్చుంటాను. యాప్ తెరిస్తే "మీ ఇంటర్నెట్ కనెక్షన్ చెక్ చేసుకోండి" అంటుంది. సరే మన నెట్టే అనుకుని రౌటర్ ఆపి వేస్తాను, మా ఆయన ఫోన్ హాట్‌స్పాట్ అడుగుతాను, చివరికి యాప్ తీసేసి మళ్ళీ వేస్తాను. తీసేస్తే ఏమైందనుకున్నావ్? ఎడిట్ చేసి అప్‌లోడ్‌కు పెట్టుకున్న వీడియో డ్రాఫ్టులు యాప్‌లోనే ఉన్నాయి, అన్నీ పోయాయి. సైటు పడింది వాళ్ళది, యాప్ మాత్రం నెట్ నాదే బాగాలేదంది. ఇది ముందు సరిచేయించు. మొదటి మెసేజ్‌లోనే "యాప్ తీసేయొద్దు, మీ డ్రాఫ్టులు ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి" అని రాయి, నిజంగా ఉంటేనే లే.

రెండోది, నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు మీరెవరో తెలియదు. వాళ్ళు డబ్బు కట్టింది నాకు, నమ్మింది నన్ను. "అక్కా వీడియో రావట్లేదు", "మేడమ్ క్లాసు లేదా", "డబ్బులు కట్ అయినాయి మేడమ్, ఓపెన్ కాలేదు", ఇవన్నీ మీ సపోర్ట్ నంబరుకు రావు, నా వాట్సాప్‌కు వస్తాయి. మీరు ఇంగ్లీషులో నాలుగు పేరాలు మెయిల్ పంపితే దాన్ని నేను తెలుగు చేసి, చిన్నది చేసి, గ్రూపులో వేసేలోపు సగం మంది నేనే ఎగ్గొట్టాననుకుంటారు. అందుకే నాకు పంపేదానితో పాటు, నేను ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేసుకునేలా రెండు లైన్లు తెలుగులో రాసి పంపు. కింద స్టేటస్ పేజీ లింకు ఉంటే నా మాట నమ్మనివాళ్ళు అక్కడ చూసుకుంటారు.

ఎందుకు పడిందో నాకు అక్కర్లేదు. ఈరోజు క్లాసు వాయిదా వెయ్యాలా ఆగాలా, అది చెప్పు. తెలియకపోతే "ఎనిమిదిలోపు రాదు, ఈరోజు క్లాసు పెట్టుకోకండి" అని అయినా తెగేసి చెప్పు. అరగంట అరగంట అంటూ రాత్రి పదిదాకా కూర్చోబెట్టొద్దు.

గుంతకల్_జంక్షన్:

నేను కొంచెం అడ్డం తిరుగుతా. ఓనర్ మాటలో కూడా న్యాయం ఉంది. ఐదు నిమిషాలు అటూ ఇటూ అయిన ప్రతిసారీ అందరి ఫోన్లూ మోగిస్తే, నెల తిరిగేసరికి జనం నోటిఫికేషన్లు ఆపేసుకుంటారు, లేదా "వీళ్ళది ఎప్పుడూ ఇంతే" అని ముద్ర వేస్తారు. పేజీలో అన్నీ పెట్టండి, చిన్నవీ పెద్దవీ. ఫోన్ మోగించేది మాత్రం దెబ్బ తగిలినవాళ్ళకే: ఆ గంటలో లైవ్ ఉన్నవాళ్ళకు, అప్‌లోడ్ మధ్యలో ఉన్నవాళ్ళకు, డబ్బు కట్టి ఆగిపోయినవాళ్ళకు. నిద్రపోతున్న ఆడియో కథల ఆయన్ని లేపి చెప్పడం దేనికి.

దానికి ఎవరెవరికి తగిలిందో తెలియాలి, ఆ జాబితా మీ డేటాబేస్‌లోనే ఉంటే అదీ పోతుంది. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇదే జరిగింది. ఒక స్క్రిప్టు పొరపాటున 775 మంది కస్టమర్ల సైట్లనే తుడిచేసింది, వాటితో పాటు ఎవరిని సంప్రదించాలన్న వివరాలూ పోయాయి, పైగా కంప్లైంట్ పెట్టాలంటే ఆ పోయిన సైటు అడ్రసే అడిగేది. కొందరికి రెండు వారాల దాకా పట్టింది. స్టేటస్ పేజీ సాఫ్ట్‌వేర్ అమ్మేది కూడా ఆ కంపెనీయే, అదీ గమనించండి. క్రియేటర్ల పేరు, ఫోను, లైవ్ టైమింగులు రోజుకొకసారి వేరే చోటికి తీసి పెట్టుకోండి, పాస్‌వర్డు వేసి.

ఇక "అసౌకర్యానికి చింతిస్తున్నాము" మాత్రం దయచేసి వద్దు. మా ఊరి స్టేషన్లో అది వినీ వినీ చెవులు మొద్దుబారాయి. అయినా స్టేషనే నయం, బండి గంటన్నర లేటని చెప్తారు, వెళ్ళి టీ తాగి రావచ్చు.

ప్రొద్దుటూరు_లెక్కలు:

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. సైటు పడినప్పుడు క్రియేటర్‌కు వచ్చే మొదటి టెన్షన్ "నా పేఔట్ (ప్లాట్‌ఫామ్ నుంచి నాకు రావాల్సిన డబ్బు) ఏమైంది" అని. పేఔట్‌కు సంబంధం లేకపోతే ఆ మాట కూడా రాయాలి, "ఈ వారం చెల్లింపులు మామూలుగానే సోమవారం పడతాయి" అని. ఊరికే ఉంటే ఊహలు మొదలవుతాయి.

సబ్‌స్క్రైబర్ వైపు: యూపీఐలో డబ్బు కట్ అయి మీకు కన్ఫర్మేషన్ రాకపోతే, రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం లావాదేవీ రోజు నుంచి ఐదు రోజుల్లో అది దానంతటదే వెనక్కి వెళ్ళాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. ఈ ముక్క మెసేజ్‌లో పెడితే సగం ఫోన్లు ఆగిపోతాయి. మళ్ళీ కట్టొద్దని కూడా చెప్పండి, కంగారులో రెండుసార్లు కట్టేవాళ్ళే ఎక్కువ.

ఎస్సెమ్మెస్ పంపుదామనుకుంటే అప్పటికప్పుడు కుదరదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం హెడరూ (పంపేవారి పేరు) టెంప్లేటూ (మెసేజ్ నమూనా) ముందే డీఎల్‌టీ అనే రిజిస్ట్రీలో రిజిస్టర్ అయి ఉండాలి. సమయం, లింకు మారేలా ఖాళీలు వదిలి "పడింది", "లేచింది", "ఫలానా రోజు ఆపుతున్నాం" అని మూడు టెంప్లేట్లు ఇప్పుడే పెట్టించుకోండి. వాట్సాప్ బిజినెస్‌లో మీరు ముందుగా పంపే మెసేజ్‌కూ టెంప్లేటు అనుమతి కావాలి. ఇంకోటి, పడింది మామూలుగా కాక ఎవరైనా చొరబడి గానీ, దాడి చేసి గానీ పడేస్తే అది వేరే కథ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లో వాళ్ళకు రిపోర్ట్ చెయ్యాలి. అప్పుడు క్రియేటర్లకు రాసే మెసేజ్‌ను కూడా లాయర్‌కు ఒకసారి చూపించి పంపండి.

డేటాబేస్ మార్చే రోజు గురించి: అర్ధరాత్రి అయితే ఎవరూ ఉండరనుకోకండి. భక్తి ఆడియోల వాళ్ళు నాలుగున్నరకు షెడ్యూల్ చేసుకుంటారు, ఏకాదశి, పౌర్ణమి అయితే ఇంకా ముందు. పంచాంగం చూసి తేదీ పెట్టండి, నవ్వులాటకు అనట్లేదు. యూపీఐ ఆటోపే డెబిట్లు (నెలనెలా దానంతటదే కట్ అయ్యే చందాలు) కూడా 2025 ఆగస్టు నుంచి రద్దీ లేని వేళల్లోనే జరుగుతున్నాయి, అందులో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వేళ ఒకటి. మీరు ఆపిన టైమ్‌లో పేమెంట్ గేట్‌వే (మీ తరఫున డబ్బు వసూలు చేసే కంపెనీ) పంపిన కబురు మీకు అందకపోతే, డబ్బు కట్టినవాడికి తాళం తెరుచుకోదు. పొద్దున్నే గేట్‌వే లెక్కతో మీ లెక్క సరిచూసుకున్నాకే "అయిపోయింది" అని చెప్పండి.

కడప_సపోర్ట్:

అందరికీ చాలా థాంక్స్. అక్క చెప్పిన "ఇంటర్నెట్ చెక్ చేసుకోండి" సంగతి టెక్ హెడ్‌కు చూపించాను, మా యాప్‌లో కూడా అదే ఉంది, మారుస్తానన్నాడు. ఫార్వర్డ్ చేసుకోవడానికి ఒకటి రాశాను, చూడండి:

"ఈరోజు సాయంత్రం 6:40 నుంచి సాంకేతిక కారణాల వల్ల యాప్ పనిచేయడం లేదు. త్వరలో సరిచేస్తాం. మీ నెట్ సమస్య కాదు, యాప్ తీసేయొద్దు. డబ్బు కట్ అయి కోర్సు తెరుచుకోకపోతే మళ్ళీ కట్టొద్దు, చేరని డబ్బు ఐదు రోజుల్లో వెనక్కి వస్తుంది. 7:15కి ఇక్కడ చూడండి:" ఆ కింద లింకు.

మగ్గం_అక్క_కర్నూలు:

బాగుంది. డబ్బు ముక్క రెండో లైనుకు తీసుకురా, మా వాళ్ళు అంతకు మించి కిందికి చదవరు. "త్వరలో" తీసెయ్, 7:15 అన్నావుగా. క్లాసు ఉందో లేదో రాయడానికి చివర నాకు ఒక ఖాళీ వదులు, అది నేను నింపుకుంటా.

అనంత_ఆన్‌కాల్:

"సాంకేతిక కారణాల వల్ల" కూడా ఎత్తెయ్, అది లేకపోయినా ఏమీ తగ్గదు. లేచాక పంపే మెసేజ్ మాత్రం అందరికీ ఒకేసారి కొట్టకు, విడతలుగా పంపు. అందరూ ఒక్క నిమిషంలో యాప్ మీద పడితే అప్పుడే లేచిన సర్వర్ మళ్ళీ కూర్చుంటుంది. మరుసటి రోజు మాత్రం ఏం జరిగింది, ఏం మార్చాం అన్నది దాచకుండా రాయండి. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు 2017 జనవరి 31న తమ డేటాబేస్ తామే చెరిపేసుకుని సుమారు ఆరు గంటల డేటా పోగొట్టుకున్నారు, అయినా రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టి మరీ చూపించారు. మీరు అంత దూరం పోనక్కర్లేదు, అర పేజీ చాలు.

కడప_సపోర్ట్:

సరే అన్నా. ఓనర్ దండోరా మాట ఇంకా వదల్లేదు గానీ, గుంతకల్ అన్న చెప్పిన పద్ధతికైతే ఒప్పుకున్నాడు, తగిలినవాళ్ళకే ఫోన్ మోగించడం, మిగతాది పేజీలో. స్టేటస్ పేజీకి డొమైన్ ఈరోజే కొంటున్నా.

అనంత_ఆన్‌కాల్:

మెయిన్ సైటు డొమైన్ ఉన్న అకౌంట్‌లోనే కొనకు. డొమైన్ అమ్మే రిజిస్ట్రార్ వేరే, ఆ పేరును సర్వర్‌కు కలిపే డీఎన్‌ఎస్ వేరే, రెన్యువల్ కార్డు కూడా వేరే. లాగిన్ నీ దగ్గరొకటి, టెక్ హెడ్ దగ్గరొకటి పెట్టుకోండి.